మేస్త్రీ బిగించిన ఆఖరి స్విచ్

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు దగ్గర గోనె సంచుల కట్టలు దించుతుంటే ఫోన్ వచ్చింది. సూర్యాపేటలో మా షాపు పక్కన చాయ్ హోటల్ నడిపే ఆయన. "సేటూ, మేస్త్రీ పోయిండు. పొద్దుగాల లేపితే లేవలే," అన్నాడు. ఎట్లా, ఏమైంది అని నేను అడగలేదు. మిగిలిన కట్టలు దించి, కారెక్కి వచ్చేశాను. ఇది జరిగి పదిహేను రోజులవుతోంది.

పాత రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కార్ల కరెంటు పని చేసే మేస్త్రీ అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇంజన్ జోలికి పోయేవాడు కాదు. "ఇంజన్ సంగతి నన్నడగకు, నాది వైర్ల కాపురం," అనేవాడు. హారన్ మోగకపోయినా, లైటు వెలగకపోయినా, తాళం తిప్పితే బండి పలకకపోయినా ఊరంతా ఆయన దగ్గరికే వచ్చేది. ఇప్పటి కార్లకు తాళమే లేదు, బటన్ నొక్కుతారు. అందుకే ఈమధ్య ఆయన దగ్గరికి పాత బండ్లు, పాత మనుషులే మిగిలారు. నేనూ ఆ లెక్కలోనే.

నాది తాళ్లు, టార్పాలిన్లు, గోనె సంచులు, సంచులు కుట్టే దారం అమ్మే చిన్న షాపు. సరుకు వేసుకుని కోదాడకో మిర్యాలగూడకో తిరగడానికి సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత కారు కొన్నాను. కొన్న కొత్తలోనే ఒకరోజు తాళం తిరగనని మొండికేసింది. మేస్త్రీని పిలుచుకొస్తే, ఆయన కారు వైపు చూడనే లేదు. నా చేతిలోని గుత్తి చూశాడు. షట్టర్ తాళాలు రెండు, గోదాముది, బీరువాది, ఇంటిది, స్కూటర్‌ది, వాటి మధ్య ఇత్తడి లక్ష్మీదేవి బిళ్ళ.

"గిదేంది సేటూ? కారు నడుపుతున్నవా, ఎడ్లకు గంటలు కట్టినవా?"

"అన్ని తాళాలు లక్ష్మితోని ఒక్క దగ్గర ఉండాలె మేస్త్రీ. మా నాయన చెప్పిండు."

"మీ నాయన కారు నడిపిండా?"

"సైకిల్."

"మరి? గుంతల పడ్డప్పుడల్ల ఈ బరువంత పోయి స్విచ్చిని గుంజుతది. లోపల అరగదా? లక్ష్మిని జేబుల పెట్టుకో. కారుకు ఒక్క చెవి సాలు."

ఆ రోజు స్విచ్ మార్చలేదు. పెన్సిల్ చెక్కి, ఆ నల్ల పొడిని తాళం రంధ్రంలోకి ఊది, నాలుగుసార్లు తిప్పాడు. వెన్నలా తిరిగింది. పైసలు ఇవ్వబోతే, "పెన్సిల్‌కు తీసుకుంటరా?" అని కసిరాడు. గుత్తి మాత్రం ఎక్కువ రోజులు విడిగా ఉండలేదు. నాలుగు రోజులు విడిగా పెట్టి, మళ్లీ కలిపేశాను. మా వ్యాపారస్తుల ఇళ్లలో కొన్ని అలవాట్లు అంత త్వరగా పోవు.

ఆయన పని చేస్తుంటే చూడటం నాకిష్టం. ముందు బ్యాటరీ వైరు ఊడదీసి, ఆ పానాను తన చొక్కా జేబులో వేసుకునేవాడు. పని అయ్యేదాకా ఇంకెవరూ ఆ వైరు తగిలించడానికి లేదన్నమాట. వైర్లకు నల్ల టేపు చుట్టేవాడు కాదు. మా షాపులో సంచులు కుట్టే తెల్ల దారం రీలు కొనుక్కుపోయి, దానితో దగ్గర దగ్గరగా చుట్టి, చివర మూడు ముడులు వేసేవాడు. "మన ఎండకు టేపు జిగురు కారుతది సేటూ. దారం ఇడువది," అనేవాడు. సూర్యాపేటలో ఏ పాత కారు స్టీరింగ్ కింద చెయ్యి పెట్టినా ఆ మూడు ముడులు తగిలాయంటే అది మేస్త్రీ చెయ్యి. పని అప్పగించేటప్పుడు ప్రతివాళ్లకీ ఒకటే మాట చెప్పేవాడు: "తేడా వస్తే నా దగ్గరికొచ్చి తిట్టు. ఇంకోని దగ్గర తిడితే నాకెట్ల తెలుస్తది, నేనెట్ల దిద్దుకుంట?"

గుత్తి మాటలాగే ఆ మాటా నేను వినలేదు.

పోయిన వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి నడుచుకుంటూనే వచ్చాడు గానీ, కుడి చేతి వేళ్లకు స్పర్శ సరిగా రాలేదు. షెడ్డు మూతపడింది. సరిగ్గా అప్పుడే, కోదాడ నుంచి వస్తుంటే ఒక స్పీడ్ బ్రేకర్ మీద నా కారు టక్కున ఆగిపోయింది. తాళాన్ని అటూ ఇటూ కదిపితే స్టార్టయింది, కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. లోపల స్విచ్ అరిగిపోయింది. ఆయన చెప్పినట్టే అయింది.

ఎవరు చేరవేశారో, మరునాడు ఆయనే ఫోన్ చేశాడు.

"సేటూ, స్విచ్ పోయిందట గద. ఎవనికి ఇయ్యకు. నేనే ఎస్త."

"చెయ్యి ఎట్లుంది మేస్త్రీ?"

"చెయ్యి సంగతి స్విచ్ ఎస్తేనే తెలుస్తది. గిదొక్కటి నేను సక్కగ ఎయ్యగలిగితే షెడ్డు తెరుస్త. లేకుంటే సామానంత పాత ఇనుమోనికి ఎత్తిస్త."

వెనక నుంచి ఆయన భార్య ఫోన్ తీసుకుంది. "ఆయనకే ఇయ్యి సేటూ. రోజంత గోడ దిక్కు సూస్కుంట కూసుంటున్నడు. నేను సూడలేకపోతున్న," అంది.

మామూలుగా గంట పని. ఆ రోజు వాళ్ల ఇంటి ముందు పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. స్క్రూ జారి సీటు కిందికి పోతుంది, నేను వంగి వెతికి ఇస్తాను, మళ్లీ జారుతుంది. "స్క్రూకు కూడ నామీద ఇజ్జత్ లేకుండ పోయింది," అని నవ్వాడు. నేను పట్టుకుంటానంటే మాత్రం ఊరుకోలేదు. "నువ్వు సంచులు అమ్ముకో," అన్నాడు. దారం ఎడమ చేత్తో చుట్టి, ముడులు పళ్లతో బిగించాడు. చివరికి బ్యాటరీ వైరు తగిలించి, తాళం తిప్పాడు. ఒక్కసారికే స్టార్టయింది.

ఆయన నా వైపు చూడలేదు. ఇంటి గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. "రేపటి సంది షెడ్డు తెరుస్త. చాయ్ చెప్పు సేటూ," అన్నాడు. తెరిచాడు కూడా.

మూడో రోజు కోదాడలోకి దిగుతుంటే స్టీరింగ్ కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన, వెనకే సన్నగా పొగ. బండి ఆపి, బ్యాటరీ వైరు పీకేసి, దగ్గర్లో ఉన్న మెకానిక్‌ను తీసుకొచ్చాను. అతను కవర్ విప్పి చూసి తల పట్టుకున్నాడు.

"ఎవరండీ బాబూ బిగించింది? వైర్లన్నీ వచ్చే ఈ కప్లర్ స్విచ్‌లోకి సగమే ఎక్కింది. లూజుగా ఉండి వేడెక్కింది. ఇంకాస్త దూరం పోయుంటే బండి తగలబడేది."

సగమే ఎక్కింది. చిటుక్కుమని అడుగుకి కూర్చున్నదీ లేనిదీ వేలికి తెలియాలి. ఆ వేలికే స్పర్శ లేదు.

అప్పుడు నేను చేయాల్సింది ఒకటే. బండిని ఎట్లాగో సూర్యాపేటకు లాక్కొచ్చి ఆయన ముందు పెట్టి, "సూడు మేస్త్రీ, పొగొచ్చింది," అనాలి. తిట్టుకునేవాడు, దిద్దుకునేవాడు. రేపటి నుంచి ఎడమ వేలితో నొక్కి చూసుకునేవాడేమో. నేనేం చేశాను? ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకని, కోదాడలోనే కొత్త కప్లర్, కొత్త స్విచ్ వేయించుకున్నాను. అతను నీట్‌గా నల్ల టేపు చుట్టి ఇచ్చాడు. దారం అమ్ముకుని బతికే నాకు, అది టేపు అన్న సంగతే తట్టలేదు.

పది రోజుల తర్వాత మేస్త్రీ దారం రీలు కోసం మా షాపుకొచ్చాడు. రెండు కార్ల పని వచ్చిందని హుషారుగా ఉన్నాడు. నేను రీలు తీసేలోపు బయట నా కారు తలుపు తీసి కూర్చున్నాడు. "నా స్విచ్ ఎట్లున్నదో సూస్త," అంటూ ఎడమ చెయ్యి స్టీరింగ్ కిందికి పోనిచ్చాడు. చెయ్యి అక్కడే ఆగింది. ముడుల కోసం పోయిన వేళ్లకు టేపు తగిలింది.

"కోదాడల చేపిచ్చినవా?"

"జర లూజుంటే, మేస్త్రీ..."

"పొగొచ్చిందా?"

నేను చేతిలోని రీలుకు దారం కొస వెతకసాగాను.

"బండిల ఇంకెవరన్న ఉన్నరా?"

"లేరు. నేనొక్కణ్నే."

"గంతే సాలు," అన్నాడు. మెల్లగా దిగి, తలుపు చప్పుడు కాకుండా వేశాడు. "మంచిగ చేసిండు. పని తెల్సినోడే." రీలు నా చేతిలోనే ఉండిపోయింది. వెనక్కి పిలిచాను. చెయ్యి ఊపాడు గానీ తిరగలేదు.

మరునాటి నుంచి షెడ్డు తెరవలేదు. ఆ రెండు కార్లవాళ్లను, చెయ్యి నొప్పి అని చెప్పి పంపించేశాడట. నేను మూడుసార్లు ఇంటికి పోయాను. వానల గురించి మాట్లాడాడు, వరి ధర అడిగాడు, చాయ్ ఇప్పించాడు. బండి ఊసెత్తలేదు. క్షమించమని అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడిగితే జరిగింది నిజమని ఇద్దరం ఒప్పుకున్నట్టవుతుంది కదా అని మింగేసేవాడిని. ఇంట్లో ఆమెకు మాత్రం చెయ్యి నొప్పి అనే తెలుసు. రెండు నెలలకు పోయాడు. డాక్టర్ గుండె అన్నాడు. అయి ఉండొచ్చు.

మొన్న పదకొండో రోజు భోజనానికి వెళ్లాను. కారు వాళ్ల ఇంటి ముందే పెట్టాను, అదొక బుద్ధిలేని పని. తిన్న తర్వాత వచ్చి తాళం పెట్టాను గానీ స్టార్టు దాకా తిప్పలేకపోయాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. తిప్పితే ఒక్కసారికే స్టార్టవుతుంది. ఆయన స్విచ్ ఎంత బాగా పనిచేస్తోందో అని ఆమె అనుకుంటుంది. ఆ చప్పుడు ఆమెకు వినిపించడం నా వల్ల కాలేదు. స్టీరింగ్ విడిపోయేంత మటుకే తాళం తిప్పి, న్యూట్రల్‌లో పెట్టి, కిందికి దిగి, తలుపు పట్టుకుని ఒక్కణ్నే తోయడం మొదలుపెట్టాను.

"బండి మొరాయించిందా సేటూ?" అంది ఆమె. "ఆయనుంటే..." అని ఆగిపోయింది.

"అవునక్కా," అన్నాను.

"ఏమయ్యా, తిన్నరు గద, జర నూకుండ్రి," అని ఆమె చుట్టాలను కేకేసింది. నలుగురు చేతులు కడుక్కుని తువ్వాళ్లతో తుడుచుకుంటూ వచ్చారు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి వెనక నుంచి తోశారు. బండి కదిలింది, వేగం అందుకుంది. "గేర్ల ఎయ్యి సేటూ! క్లచ్ ఇడువు! ఇడువు!" అని వెనక నుంచి ఒకటే అరుపులు. అద్దంలో చూస్తే నలుగురి ముఖాలూ చెమటతో తడిసిపోయాయి. వదిలితే స్టార్టవుతుందని, నేను క్లచ్ మీద కాలు అలాగే తొక్కిపట్టి, సందు చివరిదాకా వాళ్ల చేత తోయించుకుంటూనే ఉన్నాను.