ఈసారి అడిగింది నన్ను

విడాకులు కావాలంటే కోర్టు మెట్లు ఎక్కక తప్పదని మా ఊళ్లో అందరి నమ్మకం. నేను ఎక్కలేదు. భూపాలపల్లి దవాఖానలో నర్సును నేను. మా ఆయనకు కేసముద్రంలో మార్కెట్ యార్డు పక్కన విత్తనాల దుకాణం. కొట్లాటలేం లేవు, ఒకరికొకరం సరిపడలేదు, అంతే. విడిగా ఉండబట్టి రెండేళ్లు దాటాక, ఇద్దరం ఒప్పుకునే విడాకులకు దరఖాస్తు పెట్టుకున్నాం.

మహబూబాబాద్ కోర్టులో నా తరఫున నిలబడటానికి మా బాపుకు పవరాఫ్ అటార్నీ రాసిచ్చాను. ఆఖరి వాయిదా నాడు మాత్రం జడ్జితో వీడియోలో నేనే మాట్లాడాలని వకీలు చెప్పాడు.

బాపుకు ఇది మింగుడు పడలేదు.

"పెండ్లికి బచ్చన్నపేట మండలమంత పిలిచిన. గిప్పుడు నువ్వు రాకుంటే, మొఖం చెల్లక రాలేదంటరు బిడ్డా."

"అననియ్యి బాపూ. అనేటోళ్లు వచ్చి నా డ్యూటీ చేస్తరా?"

నా మొండితనం ఆయన పోలికే. అందుకే ఎక్కువసేపు వాదించలేదు.

నా భయం వేరే. నా తరఫున మాట్లాడటం బాపుకు అలవాటు. పెళ్లిచూపుల నాడు అబ్బాయి మేనత్త నన్నే చూస్తూ, "పిల్లకు ఇష్టమేనా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే బాపు, "నా బిడ్డ నా మాట జవదాటదు" అన్నాడు. అందరూ నవ్వారు, చాయ్ తాగారు, ముహూర్తం పెట్టుకున్నారు. ఆ రోజు నేనేం చెప్పేదాన్నో నాకే తెలియదు. ఆ కోపం మాత్రం కడుపులో ఉండిపోయింది. ఈసారీ ఆయనే చెప్పేస్తే, నా పెళ్లికీ నా విడాకులకూ నేను చుట్టపుచూపుకు వచ్చినట్టే.

వాయిదా నాడు పొద్దున్నే బాపు జనగామలో రైలెక్కాడు. కేసముద్రంలో బండి ఆగితే, ఎవరైనా గుర్తుపడతారని అటుపక్క కిటికీకి మారాడట. నేను దవాఖానలో స్టాఫ్ గది తలుపేసుకుని, ఫోన్‌ను మందుల డబ్బాకు ఆనించి కూర్చున్నాను. తెర మీద జడ్జి, ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క తెల్ల పంచెలో బాపు కనిపించారు.

"అమ్మా, ఈ విడాకులు మీ ఇష్టంతోనే తీసుకుంటున్నారా?" అని జడ్జి అడిగాడు.

"ఇష్టమే సార్, మా బిడ్డ..." బాపు లేచాడు.

"మీరు కూర్చోండి పెద్దాయనా. అమ్మాయిని చెప్పనివ్వండి."

చేతిలో పవర్ ఉండి కూడా బాపు కూర్చున్నాడు. వార్డులో పేషెంటును పిలిచినంత గట్టిగా, "నా ఇష్టమే సార్. ఎవరి బలవంతమూ లేదు" అన్నాను. నన్ను అడిగినందుకే నాకు చెప్పలేనంత సంతోషమైంది.

సాయంత్రం జనగామలో దిగి బాపు ఫోన్ చేశాడు. వెనక ఆటోవాళ్లు పాలకుర్తి, పాలకుర్తి అని అరుస్తున్నారు.

"పనైపోయింది బిడ్డా. జడ్జి నన్ను కూసోమన్నడు."

"విన్న బాపూ." నాకు నవ్వాగలేదు.

ఆయన నవ్వలేదు.

"పెండ్లిచూపుల నాడు గూడ నన్నెవలన్న గట్ల కూసోమంటే మంచిగుండు బిడ్డా" అన్నాడు.