కనకమ్మక్క లాగిన బండి

ఆదివారం పొద్దున చెన్నై షోళింగనల్లూరులో మా అబ్బాయి ఫ్లాటు బాల్కనీలో కోడలు గులాబీ కుండీలకు ఎముకల పొడి వేస్తోంది. సంచి మూతి విప్పగానే, కాల్చిన ఎముకా తడిసిన సున్నమూ కలిసినట్టుండే ఆ వాసన హాల్లో కూర్చున్న నా దాకా వచ్చింది. "పడదేమో అత్తయ్యా, తలుపు వెయ్యనా?" అని అడిగింది. వద్దన్నాను. వయసులో ఉన్నప్పుడు నా చీరలకూ, జుట్టుకూ, అన్నం కలుపుకునే వేళ్లకూ ఆ వాసనే ఉండేది. అది తగిలితే నాకు కనకమ్మక్క గుర్తుకొస్తుంది. ఆమెతో పాటు, ఇన్నేళ్లయినా తగ్గని సిగ్గు కూడా వస్తుంది.

పందొమ్మిదివందల యాభైల్లో, మద్రాసు చూలైలోని ఒక సందు చివర, రేకుల కప్పు కింద కనకమ్మక్క పశువులకు బలం పొడి తయారుచేసేది. పోయిన ఆమె భర్త పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పాళ్లతో ఎముకల పొడి, ఉప్పు, సుద్ద, అన్నభేది, చిటికెడు నీలిరంగు మైలుతుత్తం దంచించి, జల్లించి, పొట్లాలు కట్టించేది. దాణాలో కాస్త కలిపి పెడితే ఆవు పాలు పెరుగుతాయనీ, గుర్రం ఎముక గట్టిపడుతుందనీ జనానికి నమ్మకం. అప్పుడింకా మద్రాసు వీధుల్లో జట్కాలు తిరిగేవి. పాలవాళ్లు ఆవులను గుమ్మం ముందుకే తోలుకొచ్చి పిండి ఇచ్చేవాళ్లు. మా పొడికి గిరాకీ బాగానే ఉండేది. మా ఆయన సంపాదన ఇంటికి చాలక నేను అక్కడ పనికి చేరాను. చుట్టాలకు మాత్రం మందుల కంపెనీలో పని అని చెప్పుకునేదాన్ని. ఎముకల పొడి అని చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

కనకమ్మక్క పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మాతో మాట్లాడేది తక్కువ, సరుకుబండి లాగే గౌరి అనే ఆడగుర్రంతో మాట్లాడేది ఎక్కువ. నాకు తెలుగూ తమిళమూ రెండూ రాయడం వచ్చని తెలిశాక, పొట్లం మీద అతికించే చీటీ నన్నే రాయమంది. నేను ఉత్సాహంగా రాసిచ్చాను: "బిడ్డకు తల్లిపాలు ఎలాగో, మీ గుర్రానికి మా పొడి అలాగ. నమ్మి పెట్టండి." చదివి వినిపిస్తే అక్క నవ్వింది. "గుర్రానికి చదువొస్తే శానా సంతోషపడతాదే" అంది. అచ్చయి వచ్చాక ఆ చీటీ ఒకటి ఇంటికి తీసుకెళ్లి మా ఆయనకు చూపించాను. నా రాత అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి.

ఆ సంవత్సరం కార్తీకంలో వానలు ఎడతెరిపి లేకుండా పడ్డాయి. సరుకంతా చెమ్మగిల్లింది. జల్లెడకు ఒక పక్క చిరుగు ఉండేది. మార్చాలని అక్క అనుకుంటూనే, వాన తగ్గనీ అని వాయిదా వేస్తూ వచ్చింది. ఒక మధ్యాహ్నం, మా పొడి ఎప్పుడూ కొనే జట్కా మునుసామి తడిసిన బట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చింపిన పొట్లం ఉంది.

"మా గుర్రం రాజా పోయింది" అన్నాడు అక్కతో. "పొద్దున దాణాలో నీ పొడి కలిపి పెట్టినా. నురగ కక్కి, పొట్ట తన్నుకోని తన్నుకోని పడిపోయింది."

అతను నా వైపు తిరిగి పొట్లం చాపాడు. "నాకు సదవను రాదు. దీనిమీద ఏం రాసుండాదో సదువమ్మా."

అప్పటికే సందులో జనం మూగారు. నేను చదివాను. "ఇంకోసారి సదువు" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాను. తల్లిపాలు అనే మాట దగ్గర ఆపేశాను. అతను ఆ పొట్లం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని వెళ్లిపోయాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే అక్కడ ఎలా నిలబడాలో నాకు తెలిసేదేమో.

సాయంత్రం ఆసుపత్రి నుంచి అక్కకు తెలిసిన కాంపౌండరు వచ్చాడు. వానకాలం కదా, కుళ్లిన పచ్చిగడ్డి తిన్నా గుర్రం అలాగే పోతుందని చెప్పి వెళ్లాడు. నా ప్రాణం లేచి వచ్చింది. "విన్నావా అక్కా, గడ్డి వల్ల కూడా అయుండొచ్చంట" అన్నాను. అక్క మిగిలిన పొట్లాలు ఒక్కొక్కటీ చింపి చాప మీద కుమ్మరిస్తోంది. బూడిదరంగు పొడిలో అక్కడక్కడా శనగగింజలంత నీలిగడ్డలు. చిరుగులోంచి జారిన మైలుతుత్తం అది. చిటికెడైతే మేలు చేస్తుంది, గడ్డగా లోపలికి పోతే పేగును కాల్చేస్తుంది. ఒక గడ్డను అరచేతిలో పెట్టి నా ముందుకు చాపింది.

"ఇది గడ్డి మాదిరి ఉండాదా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున గౌరిని బండికి కట్టి, నన్ను ఎక్కించుకుని జట్కాల స్టాండుకు తోలింది. బండ్లవాళ్లందరూ చూస్తుండగా మునుసామి ముందు నిలబడింది.

"నీ గుర్రాన్ని సంపింది నా పొడే మునుసామీ. జల్లెడ సినిగుండాదని నాకు తెలుసు. మార్చలేదు."

"చెప్పేస్తే సరిపోయిందా?"

"సరిపోదు."

గౌరిని బండినుంచి విప్పి, పగ్గం అతని చేతిలో పెట్టింది. "నీ రాజాకు ఇది సాటిరాదు. తోలుకో."

అతను పగ్గం పట్టుకున్నాడు గానీ ఆమె ముఖం చూడలేదు. "దీన్నిచ్చినావని నీతో మాట్లాడతాననుకోవద్దు" అన్నాడు.

"మాట్లాడమని నేనడగలా" అంది అక్క.

తర్వాత ఒక తోపుడుబండి తెచ్చి, అమ్మిన పొట్లాలన్నీ వెనక్కి తీసుకోవడానికి బయల్దేరింది. ముందు తను లాగేది, వెనక నేను తోసేదాన్ని. ప్రతి కొట్టం ముందూ, ప్రతి పాలవాడి గుమ్మం ముందూ ఆగి అదే మాట చెప్పేది: ఒక గుర్రం పోయింది, తప్పు నాది, పొడి వెనక్కి ఇచ్చేయండి. కొందరు పొట్లం తెచ్చి ఇచ్చారు. కొందరు ఆమె కాళ్ల దగ్గరికి విసిరారు. ఒక పాలావిడ, మొగుడు పోయినా నీకు బుద్ధి రాలేదా అంది. నేను తల వంచుకుని తోసేదాన్ని.

పెద్ద వీధిలోకి రాగానే ఎదురుగా మా పెద్దాడపడుచు కనబడింది. మందుల కంపెనీ అని నేను మొదట చెప్పింది ఆవిడతోనే. గభాల్న కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. అక్క వెనక్కి తిరక్కుండానే అంది.

"సుశీలా, కొంగేసుకుంటే బండి తేలికైందా?"

"లేదక్కా."

"అట్లయితే తీసెయ్. దారి కనబడక నా మడమల మీదికి తోస్తా ఉండావు."

కొంగు తీశాను. ఆడపడుచు నన్ను చూసింది, బండిని చూసింది, ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకుంది. ఆ రోజు నేల చీలినా బాగుండేదనిపించింది. కాని బండి ఆగలేదు, నేను తోస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత అక్క పొడి చేయడం పూర్తిగా మానేసింది. ఉలవలు, తవుడు, రాతి ఉప్పుగడ్డలు, కంటికి కనబడే సరుకే అమ్మేది. బతుకు సన్నబడింది గానీ కొట్టు మూతపడలేదు. మునుసామి జట్కా మా సందు ముందునుంచే పోయేది. అక్కడికి రాగానే గౌరి పాత అలవాటు కొద్దీ ఆగిపోయేది. ఎంత అదిలించినా కదిలేది కాదు. లోపల కూర్చున్నవాళ్లు విసుక్కునేవాళ్లు. అక్క బయటికి వచ్చి దాని మెడ నిమిరి "పోవే" అనేదాకా అది అంతే. ఆ కాసేపూ మునుసామి ఒక వైపు చూస్తే అక్క ఇంకో వైపు చూసేది. ఎవరికి ఎక్కువ కష్టంగా ఉండేదో నేను చెప్పలేను.

చాలాకాలం గడిచాక ఒకరోజు, గౌరి ఆగినప్పుడు మునుసామే నోరు తెరిచాడు.

"దీని ముందుకాలు వాచుండాది. ఏం పెడితే తగ్గతాది?"

అక్క వంగి ఆ కాలును చాలాసేపు చూసింది. అతను అడిగాడన్న సంతోషం ఆమె ముఖంలో ఉంటుందేమోనని నేను వెతికాను. కనబడలేదు.

"నన్నడగొద్దు మునుసామీ" అంది. "ఆసుపత్రికి తోలుకపో. నేనూ వస్తా."

ఇద్దరూ గౌరికి చెరో పక్కన నడుస్తూ వెళ్లారు. అతను క్షమించాడో లేదో నాకు తెలియదు. ఆమె అడిగి ఉండదు.

తర్వాత మేము అంబత్తూరుకు మారాం. నేను ఇంట్లో కుట్టుపని చేసేదాన్ని. ఒకసారి ఎవరిదో పెళ్లిపట్టుచీరను ఇస్త్రీపెట్టెతో కాల్చాను. కాలిన చోటును కుచ్చిళ్లలో దాచి, మడత పెట్టి ఇస్తే వెంటనే తెలియదు. చీర పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. మొదటి మెట్టు దగ్గరే కాళ్లు వెనక్కి లాగాయి. ఇప్పటికీ ఎవరి దగ్గరికైనా అలాంటి మాట చెప్పడానికి వెళితే అలాగే లాగుతాయి. ధైర్యం రాలేదు, సిగ్గు పోలేదు. అయినా తలుపు తడతాను, అది తెరుచుకునేలోపల నా ముఖం మండుతుంది. మండనిస్తాను.