కొండ దాటి వచ్చిన తుపాను

ఎక్కడో భూగోళానికి అవతలి వైపున ఉన్న మహాసముద్రం కొన్నేళ్లకోసారి వేడెక్కుతుందనీ, అలా వేడెక్కిన ఏడు ఒకచోట తుపానులు బలం పుంజుకుంటే మరోచోట నీరసిస్తాయనీ, వానల తీరే తారుమారవుతుందనీ ఈ ఉదయం మా మనుమరాలు పత్రికలో చదివి వినిపిస్తుంటే, ఎనభై దాటిన నేను కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోక ఆ ముక్క మూడుసార్లు చదివించుకున్నాను. మా కాలం చూసినవారికైతే నా ఆత్రం అర్థమవుతుంది.

రెండో ప్రపంచయుద్ధానికి ముందు, తెల్లదొరల ఏలుబడిలో, కడపలో వాతావరణం కొలిచే చిన్న గదిలో నాకు తొలి ఉద్యోగం దొరికింది. పొద్దున్నే తుపాను దగ్గరపడితే దిగిపోయే, గాలి పీడనం కొలిచే గోడనున్న పాదరసపు గొట్టం చూడడం, పెరట్లోని వానడబ్బాలో నీళ్ళుంటే గీతల గ్లాసులో పోసి కొలవడం, ఆ అంకెలు మద్రాసుకు తంతి కొట్టించడం, అంతే పని. మా ఊళ్ళో ఆ డబ్బా ఎండే ఉండేది గనుక మరీ తేలిక. నాకు ముందు ఆ పని చేసి దిగిపోయిన ముస్లిం పెద్దాయనను అందరూ చాచా అనేవారు. ఉద్యోగం అయిపోయినా రోజూ వచ్చి పాదరసం చూడందే ఆయనకు తోచేది కాదు. ఏ తుపాను తీరం దాటగానే చచ్చిందో, ఏది తీరానికీ మాకూ నడుమనున్న వెలిగొండలెక్కి మా దాకా వచ్చిందో తన సొంత నోటుబుక్కులో రాసుకునేవాడు. తొలకరి ఎండిన ఏళ్ళలోనే దీపావళి వానలు ఎక్కువసార్లు గట్టిగా పడ్డాయని కనిపెట్టాడు గానీ, ఎందుకో ఆయనకూ తెలియదు, ఈ ఉదయం దాకా నాకూ తెలియదు.

నేను చెప్పే ఏడు తొలకరి, మావాళ్ళ మాటలో ముంగారు, పూర్తిగా మోసం చేసింది. పెన్న అవతల నల్లరేగడి సేద్యం చేసే మా మేనమామ ఇంట్లో విత్తనానికి దాచిన జొన్నలు తప్ప గింజ లేదు; వాటిని తిరగలిలో విసిరి పిల్లలకు సంకటి చేస్తానని అత్త, ముట్టనివ్వనని మామ. దీపావళి దగ్గర పడుతుండగా బంగాళాఖాతంలో తుపాను పుట్టిందని తంతి వస్తే, నేను కబురంపాను. మరునాడు తెల్లవారేసరికి మామ బండి కట్టుకొని వచ్చి మా గది అరుగు మీద కూర్చున్నాడు. వాన పడ్డాక నల్లరేగడిలో పదిరోజులు అడుగు పెట్టలేం, అప్పటికి అదను దాటిపోతుంది గనుక ముందే పొడినేలలో విత్తాలి, వాన రాకపోతే ఆ గింజలు చీమల పాలు.

“అల్లుడూ, ఈ గాలివాన కొండ దాటుతాదా, ఆడనే సస్తాదా? ఒక్క మాట చెప్పప్పా. మీ అత్త తిరగలి ముందర కూసోనుండాది.”

పాదరసం చూస్తే, రాత్రికి రాత్రి నేనెన్నడూ చూడనంత దిగిపోయి ఉంది. చాచా కళ్ళజోడు తుడుచుకొని రెండుసార్లు చూశాడు. “శానా దిగింది బేటా. ముంగారు ఎండిన ఏడు గూడా. నేనైతే విత్తుతా.” విత్తు మామా అన్నాను. ఆయన వెంటనే ఎద్దులు కట్టాడు.

మధ్యాహ్నం ఇంకో తంతి వచ్చింది: నెల్లూరు దగ్గర తీరం దాటింది, బలహీనపడుతోంది. దాని బలం తగ్గకూడదని దేవుడికి మొక్కుకున్నాను. ఈపాటికి మామ చేలో విత్తే గొర్రు కట్టి ఉంటాడు. చాచా నా చేయి పట్టుకొని గొట్టం దగ్గరికి లాక్కుపోయాడు. “ఆ కాగితం నెల్లూరు మాట చెప్తాది, ఇది మన మాట చెప్తాది. ఇంకా దిగుతానే ఉండాది, చూడు!”

నాలుగు గంటలకు తూర్పున కొండలు కనబడకుండా పోయాయి. ఈదురుగాలితో మొదలైన వాన చూస్తుండగానే కుండపోత అయింది. పంచె ఒంటికి అతుక్కుపోయి నేను కొలిచి పారబోసేలోగా డబ్బా మళ్ళీ నిండుతుంటే, గొడుగు వెనక్కి తిరగబడినా పట్టించుకోని చాచా నేను అరిచే ప్రతి అంకెకూ చిన్నపిల్లవాడిలా కేకలు పెట్టాడు. వీధిలో జనమంతా అరుగులు దిగి తడుస్తూ నిలబడ్డారు.

పెన్న ఒడ్లు ఒరుసుకొని పారడంతో వారం దాకా అవతలికి దారి లేదు. గింజలు కొట్టుకుపోయాయేమోనని ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఏరు దిగాక వెళితే, అత్త నీళ్ళైనా ఇవ్వకుండా నన్ను చేని గట్టుకు లాక్కెళ్ళింది. నల్లమట్టిలో గీతలు గీసినట్టు పచ్చటి మొలకల సాళ్ళు. “నేను విసురుదామనుకున్న గింజలు చూడు నాయనా!” అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఒకేసారి నవ్వింది, ఏడ్చింది.

ఆ సంబరంతో కడప చేరానో లేదో, మద్రాసు పత్రిక వచ్చింది. అదే తుపాను తీరంలో బెస్తపల్లెలను ఊడ్చుకుపోయిందట. బలం తగ్గకూడదని నేను మొక్కుకున్న తుపాను అది. చాచాకు చదివి వినిపిస్తే ఆయన రెండు చేతులూ చాచి దువా చేసి, ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆకాశంలో తిరిగే యంత్రాలు తుపానును కళ్ళు తెరవకముందే పట్టేస్తున్నాయి. తీరంలో పిల్లాపాపలను ముందే లారీలెక్కించి తరలిస్తున్నారు. ఒక్క మాట కోసం బండి కట్టుకొని వచ్చి అరుగు మీద కూర్చునే రైతు కనబడడు. అందుకు కాస్త దిగులు లేకపోలేదు. కానీ, సముద్రానికి అంత దూరాన ఉన్న మా మామకు నేను ముందుగా చెప్పగలిగిన ఆ ఒక్క మాట, ఆనాడు అలల పక్కనే గుడిసెల్లో ఉన్నవాళ్ళకు చెప్పే దిక్కే లేకపోయింది.