మందసంలో మాత్రలు

నా బతాకా మీద ఒట్టు. బతాకా అంటే ఒమాన్‌లో మా గుర్తింపు కార్డు. అది పోతే మనిషి ఉండీ లేనట్టే. అంతటిదాని మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా రూమ్ వాళ్ళు నన్ను పిట్టల దొర అంటారు. మా జగిత్యాల వైపు కొయ్య తుపాకి భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చి కోతలు కోసేవాళ్ళ పేరది. నా భుజాన తుపాకి లేదు కాబట్టి ఆ పేరు నాకు చెల్లదు.

సలాలాలో ఒక క్లినిక్ బండి నడుపుతాను. కదలడం కష్టమైన ముసలివాళ్ళ ఇళ్ళకు నర్సును తీసుకెళ్ళడం నా డ్యూటీ. ఒక ఏడాది వానల మొదట్లో కొత్త సిస్టర్ వచ్చింది, గోదావరి వైపు అమ్మాయి. బండి ఎక్కగానే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. నా డ్రైవింగ్ చూశాక కళ్ళు తెరిచి చేసుకోవడం మొదలుపెట్టింది. ఆమెకు అరబ్బీలో "నొప్పి ఎక్కడ?" అన్న ఒక్క ముక్కే వచ్చు. నాకు పద్దెనిమిదేళ్ళ అరబ్బీ ఉందని మొదటి రోజే చెప్పేశాను.

ఆ రోజు కొండ మీది ఇంటికి పోతున్నాం. సలాలా వానల్లో దిగే మంచు సంగతి మీకు తెలియదు. అద్దం దించి చెయ్యి బయటపెట్టి, ఒక మూర మంచు లోపలికి లాగి, పిండి, మొహం తుడుచుకున్నాను. ముందు దారి చూపించింది ఒక ఒంటె. ఎడమకు తిరిగే ముందు ఎడమ చెవి ఊపేది.

ఆ ఇంటి పెద్దాయనకు బీపీ. గోడకు ఆయన తండ్రి నాటి తుపాకి, అదే మేకుకు తూటాల బెల్టు. పద్నాలుగేళ్ళ మనవడు మాకు కహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోస్తున్నాడు. సిస్టర్ పెద్దాయన చేతికి బీపీ పట్టీ చుట్టి, క్లినిక్ వాళ్ళిచ్చిన కాగితం తీసింది. అందులో కొత్త ప్రశ్న చేరింది: ఎదిగే పిల్లలున్న ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళంలో ఉందా?

"అడగండి అన్నయ్యగారూ. పిల్లాడికి అందేలా ఎందుకెట్టేరో అడగండి."

"చెల్లె, పెద్దమనిషిని తుపాకి గురించి అడుగుడంటే మీసం గురించి అడిగినట్టే. జర ఆగు."

ఆగనివ్వలేదు. అడిగాను. పెద్దాయన నవ్వాడు. "వాడా? వాడు దాని వంక కూడా చూడడు, యా సదీక్, నేస్తమా."

"అవును తాతా," అన్నాడు మనవడు కహ్వా పోస్తూనే. "అసలు ముట్టుకోను. గురి కొంచెం ఎడమకు పోతుంది, అంతే."

బీపీ మిషను మీద అంకెలు పైకి ఎక్కాయి.

"ఏమన్నాడండీ?"

"ఎడమకు పోతదట."

"ఏంటది పోయేది?"

"గురి."

"ప్రభువా!" అని సిస్టర్ కాగితం పక్కన పెట్టేసింది. "ఈ వయసులో కోపమొచ్చినా, ఏడుపొచ్చినా, సరదా పుట్టినా ఒక్క క్షణమేనండి. ఆ క్షణంలో అది చేతికి అందకూడదు. తుపాకి ఒకచోట, మందు ఇంకోచోట. రెండిటికీ తాళాలు. తాళంచెవులు బాబు కంట పడకూడదు. ఉన్నదున్నట్టు చెప్పండి, మీ సొంతం కలపకండి."

ఇక్కడే జరిగింది. గోదావరి వాళ్ళు తూటాలను కూడా మందే అంటారు. కానీ నర్సు నోట మందు అంటే నా చెవికి మందే. "దవా" అన్నాను, గట్టిగా. బందూక్ తన చోట, దవా సందూక్‌లో, అంటే పెట్టెలో! ప్రాస కుదిరింది. ప్రాస కుదిరాక రెండో తాళం ఎవరికి గుర్తుంటుంది?

పెద్దాయన తన మాత్రల సంచీ వంక భయంగా చూశాడు. "ఇవి అంత ప్రమాదమా?"

"చాలా. పిల్లాడి చేతికి అందొద్దు."

"ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ చెప్పలేదు. ఈ అమ్మాయిని అల్లా చల్లగా చూడాలి!"

రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. పెద్దాయన గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మిషను మీద అంకెలు చూసి సిస్టర్ మిషనునే అనుమానించింది. పట్టీ నా చేతికి చుట్టి చూసింది. మిషను బాగానే ఉంది.

"మందులేసుకుంటున్నారా?"

ఆయన సగర్వంగా మందూస్ చూపించాడు. మందూస్ అంటే ఇత్తడి బొట్లు కొట్టిన పెద్ద చెక్కపెట్టె, మన మందసమే. దానికి అరచేయంత తాళం. మాత్రలన్నీ లోపల. తాళంచెవి ఎవరికీ దొరకనంత భద్రంగా దాచాడట, ఆయనకీ దొరకలేదు. తుపాకి మాత్రం మేకుకే ఉంది, పక్కన తూటాలతో, మాత్రలకు కాపలా.

సిస్టర్ నా వైపు తిరిగింది. నేను పైకప్పు వైపు తిరిగాను.

"పాత కహ్వా కూజాలో ఉంది తాతా," అన్నాడు మనవడు. లేచి వెళ్ళి తాళంచెవి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. "ముందు దిండు కింద పెట్టావు. తర్వాత బియ్యం డబ్బాలో."

పెద్దాయన తాళంచెవిని చూశాడు, మనవణ్ణి చూశాడు, గోడ మీది తుపాకిని చూశాడు. ఈసారి దేనికీ నా అరబ్బీ అవసరం పడలేదు. తనే లేచి, మందసం తెరిచి మాత్రల సంచీ బయటికి తీసి, తుపాకి దించి, అందులో తూటా లేదని చూసుకుని మందసంలో పెట్టి తాళం వేశాడు. తూటాలను ఇనప్పెట్టెలో పెట్టి, దాని తాళంచెవి కోడలికి అప్పగించాడు. మందసం తాళంచెవిని తాను ఎప్పుడూ విప్పని నడుము బెల్టుకు కట్టుకున్నాడు.

"మరి మాత్రలు?" అన్నాడు.

సిస్టర్ మాత్రల సంచీని ఆ ఖాళీ మేకుకు తగిలించింది. ఇప్పటికీ అక్కడే ఉంది. చుట్టాలు వచ్చినప్పుడు అది ఎవరి నాటిదని అడుగుతారట.

సరే, ఒట్టేశాను కనుక ఒప్పుకోవాలి. ఒక్క మాట కల్పించాను. సిస్టర్ మందు అనలేదు. తూటాలు అంది, స్పష్టంగా, రెండుసార్లు. తూటాలను అరబ్బీలో ఏమంటారో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి పద్దెనిమిదేళ్ళు అడ్డొచ్చాయి. మందుల కోసం పోయిన బండి కదా అని వచ్చిన మాట వాడేశాను. తర్వాత రూమ్‌లో ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ మందును ఆమె నోట్లోనే పెట్టాను.

మిగతాదంతా నిజం. ఒంటె కూడా.