మోతవాడు వేసిన కుప్ప

నా చిన్నప్పుడు పొన్నూరు దగ్గర మా చేలో కొబ్బరిచెట్టంత వరికుప్ప లేచింది. సరే, చెట్టంత కాదులెండి. మా తాతయ్యలాంటి వాళ్ళు ఇద్దరు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడితే ఎంతో, అంత.

ఆ రోజుల్లో కోతలకు శ్రీకాకుళం వైపు నుంచి కూలీలు వచ్చేవారు. మా మేస్త్రీ పొద్దున్నే అందరినీ రెండు వరసల్లో నిలబెట్టేవాడు. ఊరివాళ్ళు పనివాళ్ళు, వలస వచ్చినవాళ్ళు మోతవాళ్ళు. పనివాళ్ళు కుప్ప వేసేవారు, మోతవాళ్ళు మోపులు అందించేవారు. సాయంత్రం కొలిచే ధాన్యం మోతవాళ్ళకు సగమే. ఎవరికి ఏ పని వచ్చో ఎవరూ అడిగేవారు కాదు. ఎక్కి వచ్చిన రైలే వరస తేల్చేది.

ఆ ఏడు కుప్ప సగంలో ఉండగా సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. కుప్ప వేసే ఊరి పనివాడు జ్వరంతో పడుకున్నాడు. మిగతా పంటంతా నేలమీదే ఉంది. అప్పుడు మోతవరసలోంచి ఒక ముసలాయన ముందుకు వచ్చాడు.

"నానెక్కుతానండి బాబు. మా ఊర్లో కుప్పలు నానే ఏస్తాను."

"మోతోడివి, కుప్ప సంగతి నీకేం తెలుసయ్యా?" అన్నాడు మేస్త్రీ.

మా తాతయ్య మబ్బును చూశాడు, ఆ ముసలాయన చేతులను చూశాడు. "ఎక్కు పెద్దాయనా," అన్నాడు.

ఆయన పైకి ఎక్కాడు. కంకులు లోపలికి, మొదళ్ళు బయటికి, అంచులు కొద్దిగా కిందికి వాలేట్టు పేరుస్తూ మోకాళ్ళ మీద చుట్టూ తిరిగాడు. పెట్టిన మోపును మళ్ళీ సర్దింది లేదు. పొద్దు వాలేలోపు పైన గడ్డి కప్పి దిగాడు.

మూడు రోజులు వాన. నాలుగో రోజు, ఇంకా తుంపర పడుతుండగా, తాతయ్య నా చెయ్యి పట్టుకుని భుజందాకా కుప్పలోకి దూర్చాడు. భుజం మీద నీళ్ళు కారుతున్నాయి. లోపల వేళ్ళకు మాత్రం ఎండుగడ్డి దుమ్ము తగిలింది.

ఆ ఏడు తాతయ్య ఆయనకు పనివాళ్ళ కొలతే కొలిపించాడు. మరుసటి ఏడు తాతయ్య మంచం పట్టాడు. ముసలాయన మళ్ళీ వచ్చి మోతవరసలోనే నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ కుప్ప మీదికి పిలవలేదు.

అసలు ఆయన్ని ఎక్కించమన్నది నేనేనని మనవలకు ఎన్నోసార్లు చెప్పాను. అది అబద్ధం. ఆ రోజు 'మోతోడివి' అన్న మేస్త్రీ మాటకు అందరికంటే ముందు పగలబడి నవ్వింది నేను.

ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను. గల్ఫ్‌కు వెళ్ళే కుర్రాళ్ళు ఫారాలు నింపమని నా దగ్గరికి వస్తుంటారు. మొన్న రేపల్లె నుంచి ఒకడు వచ్చాడు. 'నైపుణ్యం లేని కూలీ' అన్న గడిలో ఏజెంటు ముందే టిక్కు పెట్టి పంపాడు.

"అదే ఉంచెయ్యండి తాతగారూ, మాకేం వచ్చండి," అన్నాడు.

"అది తర్వాత. ముందు నీకేం చేతనవునో చెప్పరా," అన్నాను.

వాడు తల గోక్కుని, రొయ్యల చెరువులో నీళ్ళు ఎప్పుడు చెడతాయో వాసన చూసి చెబుతానన్నాడు. చెరువు మోటారు ఆగిపోతే విప్పి బిగిస్తానన్నాడు. ఇంకా చెబుతూ పోయాడు. నేను రాస్తూ పోయాను. మూడు కాగితాలు నిండాయి. కాదులెండి, ఒకటిన్నర. దాన్ని ఏజెంటు చదువుతాడో లేదో నాకు తెలియదు. ఈసారి మాత్రం నవ్వలేదు, అడిగాను.