రొయ్యకా, నీకా?

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నా నోట్లోంచి మాట రావడం కంటే కంట్లోంచి నీళ్ళు రావడమే తేలిక. అవి కూడా ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవి కావు. బయట చేరడానికి (మా ఇంట్లో నెలసరికి అదే మాట, లోపల మంచం మీద పడుకున్నా బయటే) కొంచెం ముందుగా, చెప్పాపెట్టకుండా దిగే చుట్టాల్లా వచ్చి, నా బుర్రలో మకాం వేసి, ఉన్నట్టుండి వెళ్ళిపోయేవి. ఆ కొద్ది రోజులూ నేను నేనుగా ఉండేదాన్ని కాదు. సబ్బు ప్రకటనలో తల్లి బిడ్డ ముఖం తుడిస్తే ఏడుపు. ఆటోలో పక్కావిడ కాస్త జరిగి చోటిస్తే, లోకంలో ఇంత మంచితనముందా అని ఏడుపు. అదే సాయంత్రం అమ్మ పులుసులో ఉప్పు తక్కువేస్తే మాత్రం పట్టరాని కోపం. "ఈ ఇంట్లో నన్ను పట్టించుకునేవాళ్ళే లేరు" అని కంచం ముందు నుంచి లేచిపోయి, కాసేపటికి ఆకలేసి, దొంగలా వంటింట్లోకి వెళ్ళి ఆ ఉప్పులేని పులుసే తినేదాన్ని. "కథల పుస్తకాలు చదివి చెడింది. అవి అటక మీద పెట్టండి, ఏడుపు దానంతటదే పోతది" అని మా నాయనమ్మ తీర్పు. నేనూ అదే నమ్మాను. తమాషా ఏమిటంటే, రొయ్య ఒంట్లో ఏ హార్మోను ఎప్పుడు పెరుగుతుందో, దాంతో అది ఎలా నీరసపడి పెంకు వదులుతుందో డిగ్రీ పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అలాంటివి నాక్కూడా ఉంటాయని ఒక్కసారీ తట్టలేదు. ప్రతి నెలా అదేదో మొదటిసారి అయినట్టు నిర్ఘాంతపోయేదాన్ని.

ఆ ఉద్యోగం నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి పోయే దారిలో ఒక రొయ్యల ల్యాబులో. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక అద్దాల కిటికీ, ఒక మైక్రోస్కోపు, ఎప్పుడూ వదలని రొయ్యల వాసన. చుట్టుపక్కల రైతులు పొద్దున్నే రొయ్యలు పెంచే గుంట నీళ్ళు సీసాలోనూ, నాలుగు రొయ్యలు ప్లాస్టిక్ కవరులోనూ పట్టుకొచ్చేవారు. రిపోర్టు కాగితం రాసిస్తే మడిచి జేబులో పెట్టుకునేవారే కానీ చదివేవారు కాదు. వాళ్ళు చదివేది మా ముఖాలు. అందుకే నాకు పని నేర్పిన ల్యాబు అక్క (వయసులో నాకంటే పెద్దది, నోరు ఇంకా పెద్దది) మొదటిరోజే చెప్పింది: "ఇదో అమ్మే, రొయ్యని చూసేటప్పుడు మొహం గోడ మాదిరి పెట్టు. నువ్వు దగ్గినా వీళ్ళు పోయి మందు కొంటారు." నాకు అది కష్టమేం కాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నాది గోడ ముఖమే. ఎవరైనా పలకరిస్తే కాలి బొటనవేలు చూసుకునే రకాన్ని. డైరీలో మాత్రం గొప్ప వక్తను. పగలు అనలేని మాటలన్నీ అందులో ధాటిగా అనేసి హాయిగా నిద్రపోయేదాన్ని.

మా దగ్గరికి వచ్చే రైతుల్లో ఒకాయనకు ల్యాబులో అందరూ పెట్టిన పేరు ఏరియేటర్ చిన్నాయన. గుంటలో రొయ్యలకు గాలి అందడానికి తిప్పే ఏరియేటర్లలాగా ఆయన గొంతు కూడా ఆగకుండా తిరుగుతుండేది. మనిషి మంచివాడు, కాకపోతే భయస్తుడు. అంతకు ముందు పంట పోయి, ఈసారి ఉన్నదంతా ఆ గుంటలోనే పోసి కూర్చున్నాడు. అప్పుడే పక్క ఊళ్ళో వైట్ స్పాట్ (అదే, తెల్లమచ్చల రోగం) తగిలిందని పుకారు. అది వస్తే గుంటకు గుంటే పోతుంది. అనుమానం తగిలితే చాలు, రొయ్య ఎదిగినా ఎదగకపోయినా వలేసి పట్టేసి, వచ్చిన ధరకు అమ్ముకోవాల్సిందే. అందుకని చిన్నాయన రోజూ వచ్చేవాడు. కవరు నా చేతికిచ్చి, బయట కిటికీకి ముక్కు ఆనించి నా ముఖమే చూస్తూ నిలబడేవాడు.

ఆరోజు పొద్దున లేచిన దగ్గర్నుంచీ నాకు ఏ చిన్నదానికైనా ఏడుపొచ్చేలా ఉంది. ఎందుకో తెలియదు. చిన్నాయన కవరులోంచి ఒక రొయ్యను తీసి ట్రేలో పెట్టాను. అది ఇంకా బతికే ఉంది. తన పొడుగాటి మీసం ఎత్తి, నెమ్మదిగా నా వేలి మీద ఆనించింది. అంతే. వందల రొయ్యలను మారు ఆలోచన లేకుండా కోసిన చేయి ఆగిపోయి, దాన్ని మెల్లగా నిమిరింది. తెల్లవారేటప్పటికి తన వాళ్ళ మధ్య ఈదుకుంటూ ఉండిందే, ఇప్పుడు ఎవరూ లేని చోట నా వేలు పట్టుకుని ధైర్యం తెచ్చుకుంటోందే అనిపించింది. (ఇదంతా ఒక రొయ్య గురించే. ముందురోజు మధ్యాహ్నం నేను తిన్నది రొయ్యల వేపుడు.) మైక్రోస్కోపులో కన్ను పెట్టాను కానీ ఏమీ కనపడలేదు. నీళ్ళు ధారగా కారుతున్నాయి. చున్నీతో తుడుచుకుని, వెక్కిళ్ళు మింగుకుని, మళ్ళీ మళ్ళీ చూశాను. రొయ్య నిక్షేపంగా ఉంది. నీళ్ళూ బాగున్నాయి. రిపోర్టు రాసుకుని బయటికి వస్తే చిన్నాయన లేడు. ఆయన చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి.

టీ తాగడానికి పోయుంటాడనుకున్నాను. కాసేపటికి అక్క ఫోను మోగింది. చిన్నాయన గుంట పక్క గుంట రైతు. స్పీకరులో ఆయన మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. "అక్కా, చిన్నాయన గుంటకి వైట్ స్పాటంటగా? మీ ల్యాబు పాప చూసి తట్టుకోలేక ఎక్కెక్కి ఏడ్చిందంట. ఆయన వలోళ్ళని పిలిపిచ్చినాడు, ఐసు బండికి చెప్పినాడు. మేం కూడా పట్టేయాల్నా ఏంది?"

అక్క ఫోను పెట్టేసి, నా ఉబ్బిన కళ్ళ వంక చూసి, "ఏడ్చినావా?" అంది. తలూపాను. "రొయ్యకేమైనా ఉండాదా?" అడ్డంగా ఊపాను. "మరెందుకు?" అంటే మళ్ళీ ఏడుపొచ్చింది. అక్క ఒక్క క్షణం నన్ను పరీక్షగా చూసింది. "డేటు ఎప్పుడు?" అంది. "దగ్గరికొచ్చింది" అన్నాను. "పోయిన నెల ల్యాబులో బీకరు పగిలిందని ఏడ్చినావే, అదీ ఇట్టా డేటు ముందరే కదా?" అప్పుడు, ఆ బెంచీ పక్కన నిలబడి, నా జీవితంలో మొదటిసారి రెండూ కలిపి ఆలోచించాను. అంతకు ముందు నెల, దాని ముందు నెల, కాలేజీ వీడ్కోలు సభ, మా అత్త కూతురి పెళ్ళి, నేను ఏడ్చిన రోజులన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వరసలో నిలబడ్డాయి. నేను నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను. "విస్తుపోవడం మళ్ళీ పోదువు గానీ, పా!" అని అక్క నన్ను స్కూటీ ఎక్కించింది. చిన్నాయన ఫోను ఎత్తడం లేదు.

మేం వెళ్ళేసరికి గుంట కట్ట మీద తిరణాల లాగుంది. వలోళ్ళు వల విప్పుతున్నారు. ఐసు బండి అడ్డంగా ఆగి ఉంది. పక్క గుంటల వాళ్ళందరూ తువ్వాళ్ళు భుజానేసుకుని పరామర్శకొచ్చినట్టు నిలబడ్డారు. చిన్నాయన మోటారు షెడ్డు ముందు నేల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ ఆగని గొంతు ఆగిపోయి ఉంది. అది చూశాకే నాకు నిజంగా భయమేసింది.

రిపోర్టు చేతికిచ్చి, "చిన్నాయనా, అంతా బాగుంది" అన్నాను. అంత మంది మగవాళ్ళ మధ్య నా గొంతు నాకే వినపడలేదు. ఆయన కాగితం వంక చూడనైనా లేదు. "నాకు తెలుసులే పాపా. నీది మెత్తటి మనసు. నా మొహాన చెప్పలేక అట్టా రాసుకొచ్చినావు. నువ్వు ఏడ్చేది నేను కళ్ళారా చూళ్ళా?"

"అది... కంట్లో నలక పడింది."

"రెండు కళ్ళల్లోనా?"

"జలుబు."

"జలుబు చేస్తే రొయ్యని నిమురుతారా ఎవురన్నా?" అన్నాడు. కట్ట మీద వాళ్ళు నిట్టూర్చారు. నేను చెప్పిన ప్రతి అబద్ధానికీ నా మంచితనం మీద వాళ్ళకు గౌరవం పెరుగుతోంది, వల ఒక మూర నీళ్ళలోకి దిగుతోంది. "రొయ్య ఇంకా గిడస, ఎదగలా. ఇప్పుడు పడితే మేత డబ్బులు కూడా రావు. అయినా వదిలేస్తే చచ్చినాక ఏం చేసుకుంటాం? ఇంకా దించండ్రా!" అన్నాడు చిన్నాయన. అక్క నా మోచెయ్యి గిల్లింది. "చెప్పు. నేను చెప్తే నమ్మరు. ఏడ్చింది నువ్వు."

ఆ తర్వాత జరిగింది నేను చేసినట్టు నాకు గుర్తులేదు, ఎవరో చేస్తే చూసినట్టు గుర్తు. ఏడుపు వచ్చిన దారినే కోపం వచ్చింది (ఆ రోజుల్లో అవి రెండూ కవల పిల్లలు). డైరీలో తప్ప ఎక్కడా వినపడని గొంతు ఏరియేటర్ల చప్పుడు దాటి పైకి లేచింది.

"చిన్నాయనా, మీ రొయ్యకేం రోగం లేదు! నాకు డేటు దగ్గరికొచ్చింది! దానికి ముందర నాకు ఏడుపొస్తది! రొయ్యని చూసినా ఏడస్తా, సబ్బుని చూసినా ఏడస్తా! ఆ వల ఎత్తండి!"

వలోళ్ళ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పరామర్శకు వచ్చినవాళ్ళలో కొందరు ఆకాశం చూశారు, కొందరు చెప్పులు చూసుకున్నారు. ఐసు బండి డ్రైవరు ఎందుకో బండెక్కి కూర్చుని తలుపేసుకున్నాడు. నేను చచ్చిపోతే బాగుండుననుకుంటూ నిలబడ్డాను. ముందుగా తేరుకున్నది వలోళ్ళ పెద్దాయన. "అట్టయితే ఆ పాపని కట్ట దిగమనండబ్బా. ఆ టైములో ఆడోళ్ళు గుంట కట్ట తొక్కకూడదు" అన్నాడు.

"వచ్చే ముందర అన్నది, వచ్చిందన్లా!" అని అక్క కస్సుమంది.

"వస్తే మాత్రం?" అని వెనక నుంచి ఇంకో గొంతు. చిన్నాయన భార్య, మేం చిన్నమ్మ అని పిలిచేవాళ్ళం. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు నా కళ్ళకంటే ఉబ్బి ఉన్నాయి. "సంవత్సరమంతా ఈ గుంటకి మేత చల్లేది నేను. ఏ రోజు కట్ట తొక్కినానో, ఏ రోజు తొక్కలేదో రొయ్య నిన్ను అడిగిందా?" పెద్దాయన వల వైపు తిరిగిపోయాడు. ఆమె నా దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది. "నిజమేనా అమ్మే? ఒట్టు?" "ఒట్టు చిన్నమ్మా." అప్పుడామె నవ్విన నవ్వు చూడాలి. "నీది ఏడుపేగా, నయం. నేనయితే గిన్నెలు ఇసిరేస్తా. ఈయన్నడుగు" అంది.

చిన్నాయన మెల్లగా లేచి నిలబడ్డాడు. రిపోర్టు కాగితం మొదటిసారి విప్పాడు. "అయితే అప్పుడప్పుడూ నువ్వు గిన్నెలు ఇసిరేది..." అంటూ భార్య వైపు తిరిగాడు. నా ముఖం మీద పొద్దున్నుంచీ ఉన్న ఆశ్చర్యమే ఆయన ముఖం మీదా కనిపించింది.

"ఇన్నేళ్ళకి తెలిసిందా సామీ! అమావాస్యొస్తే రొయ్య పెంకు మారస్తదని మేత తగ్గిస్తావు, అదనంగా ఏరియేటరు తిప్పుతావు, కట్ట మీద ఎవుర్నీ గట్టిగా అడుగెయ్యనియ్యవు. 'ఇప్పుడు దాని ఒళ్ళు మెత్తగుంటది, కదిలీబాకండి' అంటావు. నన్ను మాత్రం ఆ రోజే కూరలో కారమెందుకు ఎక్కువైందని అడగతావు!"

కట్ట మీద అందరూ పగలబడి నవ్వారు. వల పైకి లేచింది. ఐసు బండి వెనక్కి తిరిగింది. నేను మాత్రం, చెప్పాలా, మళ్ళీ ఏడ్చాను. ఈసారి ఎవరూ వల దించలేదు.

ఆ గుంట రొయ్య పూర్తిగా ఎదిగి, మంచి ధరకే పోయింది. నా పరువు సంగతే ఎటూ తేలలేదు. ఊళ్ళో కొన్నాళ్ళు నన్ను చూస్తే మగవాళ్ళు దారి తప్పుకునేవాళ్ళు, ఆడవాళ్ళు మాత్రం ఆపి కబుర్లు చెప్పేవాళ్ళు. ఒకరికి కోపమట, ఒకరికి ఇల్లంతా మళ్ళీ మళ్ళీ కడగాలనిపిస్తుందట, ఒకామెకు మొగుడి గురక వింటే పుట్టింటికి పోవాలనిపిస్తుందట. ఇన్నాళ్ళూ ఇంత మంది ఎవరికి వాళ్ళు తామొక్కరే పిచ్చివాళ్ళమనుకుంటూ బతికారా అని నేను మళ్ళీ విస్తుపోయాను. అక్క నెల్లూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. "ఇది చాలామందికి ఉండేదే. బాగా నిద్రపో, రోజూ నడువు, ఆ రోజుల్లో పెద్ద నిర్ణయాలు పెట్టుకోకు. భరించలేనంతగా ఉంటే మాత్రం ఓర్చుకోకుండా నా దగ్గరికి రా" అందావిడ. పుస్తకాలు అటక ఎక్కించమని చెప్పలేదు. ఆ మాట మా నాయనమ్మకు ప్రత్యేకంగా చెప్పాను.

ఇప్పుడు ఆ ల్యాబు నేనే చూసుకుంటున్నాను. అక్క పెళ్ళి చేసుకుని కావలి వెళ్ళిపోయింది. ఆ రోజులు దగ్గరపడితే ఇంట్లో ముందే చెప్పేస్తాను. సాయంత్రం మైపాడు ఇసుకలో నడుస్తాను. ఏడుపొస్తే సముద్రం వైపు తిరిగి కానిస్తాను, ఉప్పునీళ్ళలో ఉప్పునీళ్ళు, ఎవరికీ నష్టం లేదు. కిటికీకి తెర కూడా కుట్టించాను. కానీ మొన్న దాన్ని వేయడం మరిచిపోయాను. మైక్రోస్కోపు మీంచి తలెత్తి కళ్ళు తుడుచుకుంటుంటే బయట చిన్నమ్మ, చేతిలో రొయ్యల కవరుతో. ఒకప్పుడైతే చిన్నాయన పరుగు తీసేవాడు. ఆమె తాపీగా కిటికీ దగ్గరికొచ్చి అడిగింది.

"రొయ్యకా, నీకా?"

"నాకే చిన్నమ్మా."

"అయితే సరే. నేనీడ కూసోనుంటా, నువ్వు నిదానంగా కానీ" అని బల్ల మీద కూర్చుంది. నేను ముక్కు ఎగబీల్చుకుంటూ నవ్వాను. ఆ కట్ట మీద చచ్చిపోవాలనుకుంటూ నిలబడిన పిల్ల గుర్తొచ్చింది. అప్పుడామె నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తినట్టు, నేనూ ఒక్కసారి వెనక్కి వెళ్ళి ఆ పిల్ల ముఖం పైకెత్తగలిగితే ఎంత బాగుండును.