సార్ పోయిన ఏడాది ఫైనల్

నా చిన్నప్పుడు మా పిన్ని పనిచేసే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఏటా కొన్నాళ్లు పగవాళ్లలా ఉండేవారు. ఆ ఇల్లు ఒమన్‌లో, సీబ్‌లో, విమానాలు నెత్తిమీదుగా దిగే చోట ఉండేది. సార్, మేడమ్ ఇద్దరూ ఐర్లండ్ వాళ్లు. సార్ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇంజనీరు. మా నాన్న అదే కంపెనీలో డ్రైవరు, సార్ బండి నడిపేవాడు. మా అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, కడప నుంచి వచ్చి ఆ ఇంట్లోనే ఉంటూ పనిచేసేది. అమ్మ ఆస్పత్రిలో నర్సు. ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ పడిన రోజుల్లో నేను స్కూలు నుంచి నేరుగా పిన్ని దగ్గరికి వెళ్లేదాన్ని.

ఆ పగకు కారణం ఒక ఆట. గేలిక్ ఫుట్‌బాల్ అంటారు. మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. ఇందులో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు. కాకపోతే కొన్ని అడుగులకోసారి నేలకు కొట్టి పట్టుకోవాలి, లేదా తన కాలితోనే పైకి తన్నుకుని అందుకోవాలి. గోలు కర్రలు అడ్డకమ్మీ దాటి పైకి పోయి ఉంటాయి. కమ్మీ కింద వలలో పడితే మూడు పాయింట్లు, పైనుంచి పోతే ఒకటి. సార్ ఇవన్నీ నాకు ఇంటి వెనక ఇసుకలో బంతితో నేర్పారు. ఆకుపచ్చ, పసుపు రంగుల టోపీ ఒకటి ఇచ్చి, ఇకనుంచి నువ్వు మా కెర్రీ మనిషివి అన్నారు. మేడమ్ కిటికీలోంచి చూసి, పసిపిల్లను పాడు చేస్తున్నావని ఆయన్ను కేకలేశారు.

సార్‌ది కెర్రీ, మేడమ్‌ది కార్క్. అక్కడ కౌంటీలు అంటారు, మన జిల్లాల్లాంటివి. ఇవి రెండూ పక్కపక్కన ఉంటాయి. ఆడేవాళ్లకు జీతం ఉండదు. ఎవరి కౌంటీకి వాళ్లు ఆడాలి, చూసేవాళ్లు కూడా పుట్టిన కౌంటీ వైపే ఉండాలి. ఎక్కడికి వెళ్లినా, ఎవరిని చేసుకున్నా అది మారదు. పెళ్లయ్యాక మేడమ్ కూడా మీ కెర్రీ మనిషే కదా అని నాన్న ఒకసారి అడిగాడట. ఆ షరతు పెట్టి ఉంటే ఆమె నన్ను చేసుకునేదే కాదు అని సార్ నవ్వారట. నాన్నకు ఆ జవాబు నచ్చలేదు. ఇంటికొచ్చి అమ్మతో చెప్పి, ఇదేం పద్ధతని చాలాసేపు గొణుక్కున్నాడు.

ఆట ఉన్న రోజు మేడమ్ ఎర్ర జెర్సీ, సార్ ఆకుపచ్చ జెర్సీ వేసుకుని టీవీ ముందు చెరో కుర్చీలో కూర్చునేవారు. కెర్రీ ముందంజలో ఉంటే సార్ ఎప్పుడూ ఒకే మాట అనేవారు. బస్సు తయారుగా ఉంది, మీవాళ్లు ఇంటికి పోవచ్చు అని. మేడమ్ కూడా దానికి ఎప్పుడూ ఒకే జవాబు ఇచ్చేవారు. డ్రైవరు మీ కెర్రీ వాడైతే వద్దు, మావాళ్లు నడిచే పోతారు అని. పిన్ని వంటింట్లోంచి వింటూ నవ్వేది. మొదట్లో ఆమెకు ఆ మాటలు అర్థం కాలేదు. అయినా ఆ కేకల్లో కోపం లేదని తెలిసి నవ్వేది.

ఒక ఏడాది ఎండాకాలంలో సార్ సైట్‌లో కూలిపోయారు. నాన్నే ఆయన్ను బండిలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. చేరేసరికే ప్రాణం పోయింది. ఆ దారిలో ఏం జరిగిందో నాన్న నాకు ఎప్పుడూ చెప్పలేదు. శవాన్ని స్వదేశానికి పంపడానికి కావలసిన కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పెట్టెతో పాటు మేడమ్ కూడా వెళ్లిపోయారు. పిన్ని ఆ పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉండలేక మమ్మల్ని పిలిపించుకుంది. సార్ చెప్పులు గుమ్మం పక్కన ఉన్నచోటే ఉన్నాయి. వాటిని తీయాలో ఉంచాలో ఆమెకు తెలియక, చుట్టూ ఊడ్చేది.

ఇల్లు కంపెనీది. దాన్ని ఖాళీ చేయడానికి సెప్టెంబరులో మేడమ్ తిరిగి వచ్చారు. బాగా చిక్కిపోయారు. పిన్ని వండినవి కొంచెం కెలికి పక్కన పెట్టేవారు. ఎవరైనా పలకరిస్తే థాంక్యూ అనేవారు, అంతకంటే మాట్లాడేవారు కాదు. ఆ వారంలోనే ఆ ఆట ఫైనల్. ఆ ఏడాది ఫైనల్‌కు వచ్చింది కెర్రీ, కార్క్. సీబ్‌లో ఒక హోటల్ హాలులో తమవాళ్లంతా కలిసి చూస్తున్నామని, తప్పకుండా రావాలని సార్ స్నేహితుడొకాయన వచ్చి మేడమ్‌ను పిలిచారు. పెద్ద గడ్డం ఉన్న మనిషి, ఆయనదీ కెర్రీయే. మేడమ్ మొదట రానన్నారు. ఆట రోజు పొద్దున, వెళ్దాం, నువ్వు కూడా రా అని పిన్నితో అన్నారు.

పిన్ని ఎంతో ప్రేమతో ఒక పని చేసింది. సార్ ఆకుపచ్చ జెర్సీని ఉతికి, ఇస్త్రీ చేసి, మేడమ్ మంచం మీద పరిచింది. ఎర్రదాన్ని మడిచి, సార్ చలికోట్లు సర్దిన సూట్‌కేసులో అడుగున పెట్టేసింది. మొగుడు పోయిన మనిషి ఆయన మీద గెలవాలని ఎలా కోరుకుంటుంది అన్నది ఆమె ఆలోచన. ఈ సంగతి నాన్నతో చెబితే, మంచి పని చేశావన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. సార్ ఇచ్చిన టోపీ పెట్టుకుని తయారయ్యాను.

మేడమ్ గదిలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు ఆకుపచ్చ జెర్సీ చేతి మీద వేసుకుని ఉన్నారు. నాదెక్కడ అని మామూలుగానే అడిగారు. పిన్ని సూట్‌కేసు వైపు చూపించింది. మేడమ్ నేల మీద కూర్చుని దాన్ని తెరిచారు. సార్ కోట్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ పోయారు. పిన్ని సాయానికి వంగితే వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. ఆ కోట్లన్నీ ఆమె చేత మళ్లీ తీయించానే అని పిన్ని చాలా ఏళ్లు బాధపడింది. అడుగున ఎర్ర జెర్సీ దొరికింది. మేడమ్ సార్ జెర్సీని ఆయన బీరువాలో హ్యాంగర్‌కు తగిలించి, తనది వేసుకుని వచ్చి బండెక్కారు.

నాన్న అద్దంలో ఆ ఎర్ర రంగు చూశాడు. విసురుగా గేరు మార్చి బండి తీశాడు. నాకు ఏడుపొచ్చింది. మేడమ్ సార్‌ను ఇంతలోనే వదిలేసిందనుకున్నాను. ఆయన వైపు ఇక మిగిలింది నేనొక్కదాన్నే అనిపించింది.

హాలులో ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయి కూర్చున్నారు. ఆ ఆటకు అదే అలవాటట, రెండు పక్షాలకు వేరే వేరే చోట్లు ఉండవు. మేడమ్ లోపలికి రాగానే అందరూ లేచారు, దగ్గరికి తీసుకున్నారు, ముందు వరుసలో కూర్చోబెట్టారు. పక్కన గడ్డం ఆయన కూర్చున్నారు. పిన్ని, నేను, నాన్న వెనక గోడ దగ్గర నిలబడ్డాం.

ఆట మొదలైన కాసేపటికే కార్క్ వాళ్లు గోలు వేశారు. ఎర్రచొక్కాల వాళ్లు కేక వేయబోయి, మేడమ్ తల వైపు చూసి, ఆ కేకను దిగమింగుకుని కూర్చున్నారు. తర్వాత కెర్రీ పుంజుకుంది. వాళ్లు కూడా చప్పుడు రాకుండా తొడల మీద చేతులు తట్టుకున్నారు. ఎవరూ ఎవరినీ వెక్కిరించలేదు. అంతమంది ఉన్న హాలులో టీవీలో మాట్లాడే వాళ్ల గొంతు తప్ప ఇంకేమీ వినిపించలేదు. మేడమ్ ఒకసారి వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూశారు. ఎవరి ముఖం చూసినా వాళ్లు జాలిగా చిన్నగా నవ్వారు. పోయినవాడి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు అందరూ.

విరామం అయ్యాక ఆమె లేచి మా దగ్గరికి వచ్చారు. బండి తీయమని నాన్నకు చెప్పారు. ఇక చూడలేను అన్నారు. ఆ ఇంట్లో మిగిలిన నాలుగు రోజులూ ఆమె ఎలా గడుపుతుందో ఆ ముఖం చూస్తే నాకే తెలిసిపోయింది. తిండి మానేసి, థాంక్యూలు చెబుతూ, అటునుంచి అటే వెళ్లిపోతుంది. నాన్న మాత్రం తేలికపడ్డట్టు జేబులోంచి బండి తాళాలు తీశాడు. మేడమ్ బ్యాగు భుజాన వేసుకున్నారు. అప్పుడే తెర మీద కెర్రీ వాడు తన్నిన బంతి అడ్డకమ్మీ పైనుంచి వెళ్లింది. మళ్లీ అదే నిశ్శబ్దం.

మా పిన్ని ఆ హాలులో అప్పటిదాకా నోరు విప్పలేదు. పనిలో అలవాటైన ముక్కల ఇంగ్లిష్‌లో, కొంచెం గట్టిగానే అంది.

"మేడమ్, బస్ రెడీ. యువర్ పీపుల్, గో హోమ్."

చుట్టుపక్కల వాళ్లంతా తిరిగి చూశారు. నాన్న పళ్లు బిగించి, నోర్ముయ్యే అన్నాడు. పిన్ని ముఖం పాలిపోయింది. తను అన్నదానికి తనే భయపడింది. కానీ మేడమ్ మీద నుంచి చూపు మళ్లించలేదు.

మేడమ్ ఆమెను చాలాసేపు చూశారనిపించింది. తర్వాత బదులిచ్చారు.

"డ్రైవర్ ఎవరు? కెర్రీ వాడేనా? అయితే మావాళ్లు నడిచే పోతారు."

ఇది ఇంగ్లిష్‌లో, వాళ్ల ఊరి యాసలో, చాలా వేగంగా అన్నారు. అంటూనే బ్యాగు కింద పెట్టేశారు. వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. గడ్డం ఆయన, కార్క్ వాళ్లకు నడవడం కూడా వచ్చా అన్నారు. దానికి ఆమె ఇచ్చిన జవాబు నాకు అర్థం కాలేదు కానీ, రెండు వరుసల వాళ్లు పడి పడి నవ్వారు. ఆ తర్వాత హాలులో ఎవరి మాట ఎవరికీ వినిపించలేదు. నేను కూడా కెర్రీ కోసం అరిచాను. మేడమ్ వెనక్కి తిరిగి నా టోపీని చూసి, నాకు గుప్పిట చూపించారు.

కెర్రీ గెలిచింది. మేడమ్ అప్పుడు ఏడ్చారు. సార్ పోయాక ఆమె ఏడవగా చూడటం అదే మొదటిసారి అని పిన్ని అంది. చుట్టూ ఉన్న ఎర్రచొక్కాల వాళ్లు కూడా తలలు పట్టుకుని ఉన్నారు. వాళ్ల మధ్య ఆమెను ఎవరూ ప్రత్యేకంగా ఓదార్చలేదు.

ఇంటికి చేరి మేడమ్ లోపలికి వెళ్లాక, గేటు దగ్గర నాన్న పిన్ని మీద విరుచుకుపడ్డాడు. అంతమంది ముందు పరువు తీశావన్నాడు. "చచ్చిపోయినాయన మాటను నువ్వెట్ల అంటావ్? నీకేం హక్కుండాది?"

పిన్ని తల వంచుకుని అంతా వింది. చివరికి నెమ్మదిగా అంది.

"ఎవురో ఒకరు అనాల గదా బావా. ఆయమ్మ ఎవురితో కొట్లాడతాది మల్ల?"

నాన్న బండెక్కాడు.

సామాను సర్దే రోజుల్లో నేను ధైర్యం చేసి మేడమ్‌నే అడిగాను, సార్ జెర్సీ ఎందుకు వేసుకోలేదని. ఆమె కప్పులను కాగితాల్లో చుడుతూ చెప్పారు. బతికి ఉన్నప్పుడు ఆయనకు ఒక్కసారి కూడా లొంగలేదట. ఇప్పుడు లొంగితే అది జాలి అవుతుందట. తన మీద ఎవరైనా జాలిపడితే ఆయన సహించేవారు కాదట. నాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఆమె సార్‌ను వదిలేయలేదని మాత్రం అర్థమైంది. ఆ మాట నాన్నతో చెప్పాను. తప్పు తప్పే అన్నాడు.

మేడమ్ వెళ్లిపోయారు. పిన్నికి ఒమన్‌లోనే నిజ్వా అనే ఊళ్లో ఇంకో ఇంట్లో పని దొరికింది. మేమూ కొన్నేళ్లకు కడప వచ్చేశాం. ఆ ఎర్ర జెర్సీ మీద నాకూ నాన్నకూ వాదన మాత్రం తెగలేదు. అన్నం దగ్గర, బస్సులో, నేను కాలేజీ హాస్టల్‌లో ఉన్నప్పుడు ఫోన్‌లో, ఏదో ఒక మాట మీద అక్కడికే వచ్చేవాళ్లం. ఒక్కరోజుకైనా ఆయన రంగు వేసుకుని ఉండాల్సింది అనేవాడు. వేసుకుంటే ఆయన్ను రెండోసారి పంపేసినట్టు అనేదాన్ని. చదువుకున్నదానివి, మాటలు నేర్చావు అనేవాడు. సార్ చివరి ఊపిరి తన బండిలో పోయిందన్నది ఆ వాదనలో ఆయన ఎన్నడూ వాడుకోలేదు. ఆయన వైపు ఉన్న బలమంతా అదేనని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. తట్టాక కూడా నేను నా వైపు వదల్లేదు.

పోయిన ఏడాది నాన్న చనిపోయాడు. వచ్చినవాళ్లంతా ఆయన అన్నవన్నీ సరైనవే అన్నట్టు మాట్లాడారు. పోయినవాళ్ల గురించి అలాగే మాట్లాడతారు. అమ్మ కూడా ఒకరోజు, ఇంకెందుకే, మీ నాయన చెప్పిందే నిజమని ఒప్పుకోరాదా అంది. ఆమె కోసమైనా ఒప్పుకుందామని చూశాను. నోరు రాలేదు.

ఆ విషయంలో మా నాన్నది తప్పు. ఆయన ఎదురుగా ఎంత గట్టిగా అనేదాన్నో ఇప్పుడూ అంతే గట్టిగా అంటాను. కాకపోతే, అన్నాక ఆయన బదులు చెప్పేంతసేపు ఆగుతాను.